బందరుకోటయు, బంగారుబురుజును

గడచిన వేసవిసెలవులలో మేము మా తల్లిని, పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని బెజవాడనుండి బందరునకు పోయివచ్చితిమి. పెడనలో మా చుట్టములయింట నొక పెండ్లి. పెండ్లియైన మఱునాడు మా యింటివారు, "ఇంతదూరము వచ్చి బందరుకోటను జూడక మరలుట యేల?" యనిరి. కోటయన్న మాట చెవిని బడగానే పదుమూడేండ్ల మా పెద్దమ్మాయికి సంతసము పట్టరాకపోయెను. తీరా పోయి, ఆ చోటెల్ల కలయదిరిగి, మావైపు మొగము ద్రిప్పి, "అమ్మా! ఇంతకును కోట యేది?" యని యడిగెను. అప్పుడు మేము సరియైన యుత్తరము చెప్పలేకపోయితిమి. ఇంటికి వచ్చినపిమ్మట కొంత చదివియు, కొంత పెద్దలనడిగియు కూర్చుకొన్న యుత్తరమే యీ నెల మా వ్యాసము.

బెజవాడనుండి బందరునకు సుమారు 70 కిలోమీటర్లు. దారిపొడుగునను కాలువయు, వరిపొలములును, కొబ్బరిచెట్లును కనులకు చల్లగా నుండును. బెజవాడయొద్ద కృష్ణపై ఆనకట్ట 1855వ సంవత్సరమున ముగిసినది. దాని స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినది. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటయే కాక, చిరకాలము పడవలకు బాటలుగా గూడ నుండెను. మా ముత్తవ క్రొత్తకాపురమునకు వచ్చినపుడు సారెపెట్టెలతో పడవనెక్కి కాలువవెంట వచ్చెనని మా యింట చెప్పుకొందురు. నేడు బస్సు కొలది గంటలలోనే చేర్చును. కావున దారిని తలచుకొనుటకు మనకు తీరిక యుండదు.

బందరుకోట ఊరికి కొంత దూరమున, గిలకలదిండివైపున, ఉప్పునీటి బురదనేలల నడుమ నున్నది. కోటయన మన మనస్సునకు దోచు కొండపల్లి బురుజులు గాని, గోలకొండ గుమ్మములు గాని యచ్చట లేవు. ఆయుధాగారమని యచ్చటివారు చూపు పాతకట్టడమొకటి శిథిలమై నిలిచియున్నది. గోడలు చాలవఱకు నేలమట్టమైనవి. ఇటుకల సందులలో ముండ్లచెట్లు పెరిగినవి. అనతిదూరమున గిలకలదిండి రేవులో చేపలపడవలు రంగురంగుల జెండాలతో నిలిచియుండెను. మా చిన్నవాడు కోటను విడిచి ఆ పడవలనే లెక్కపెట్టుచు కూర్చుండెను. నిజము చెప్పవలెనన్న, ఆ చోటున ప్రాణముతో నున్నవి ఆ పడవలే.

డచ్చివారి కోటయని దానికి వాడుక. గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల కాలమున బందరు వారి రాజ్యమునకు ముఖ్యమైన రేవు. బందరన్న మాటయే పారసీకమున రేవని యర్థము. అచ్చటినుండి ఓడలు పారసీకపు రేవులకును, అరబ్బుదేశపు మోఖాకును, బర్మాతీరమునకును, సుమత్రాలోని అచెకును పోయివచ్చుచుండెను. డచ్చివారు 1606 ప్రాంతమునను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఇచ్చట వర్తకశాలలు పెట్టుకొనిరి. వర్తకమునకు వచ్చినవారు వర్తకముతో నాగలేదన్నది మనమెఱిగినదే. 1750లో ఫ్రెంచివారు బందరును స్వాధీనపఱచుకొనిరి. 1759వ సంవత్సరము ఏప్రిలు 7వ తేది రాత్రి ఆంగ్లేయ సేనాని ఫోర్డు ఈ కోటపై దాడి చేసెను. కోటలోనివారి సంఖ్య యెక్కువ, అతనియొద్ద మందుగుండు తక్కువ, వెనుకనుండి నైజాము సలాబతుజంగు సేన వచ్చుచుండెను. దాటరానిదని కోటవారు నమ్మిన బురదనేలగుండ కొందఱను పంపి దృష్టి మఱల్చి, వేఱొకవైపున గోడ యెక్కించెను. తెల్లవాఱునప్పటికి కోట యతని వశమయ్యెను. ఉత్తరసర్కారులలో ఫ్రెంచివారి బలము విఱిగినది ఆ రాత్రియే.

ఏ శత్రువును దించలేని దెబ్బను కోటకు కొట్టినది సముద్రము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదిని పెనుగాలితో ఉప్పెన వచ్చి బందరును ముంచివేసెను. ఆ యొక్క రాత్రి 30,000 మంది జలసమాధియైరని లెక్క. అటుపిమ్మట దొరతనమువారు అచ్చటి సైన్యమును తీసివేసిరి. రేవుగూడ అప్పటికే పూడుకొనిపోవుచుండెను. పెద్దయోడలు కొన్ని మైళ్ళ దూరమున లంగరు వేయవలసివచ్చెడిది. సరకంతయు చిన్నపడవలమీదనే ఒడ్డునకు చేరెడిది. మదరాసు పెరిగినది, బందరు తగ్గినది. కోటను పడగొట్టవలెనని ఎవరును పూనుకొనలేదు. దానిని నిలుపవలెనని గూడ ఎవరును పూనుకొనలేదు. మా పెద్దమ్మాయి ప్రశ్నకు ఇది మొదటి యుత్తరము.

తిరిగివచ్చిన వారమున మా యింటివారు పాఠశాలనుండి యొక చిత్రపటముల పుస్తకమును తెచ్చిరి. అందు స్పెయినుదేశపు సెవిల్లానగరమున, గ్వాదల్కివీరు నదియొడ్డుననున్న యొక బురుజు బొమ్మ యుండెను. దానిని వారు తమ భాషలో 'తోర్రె దెల్ ఓరో' యందురట, అనగా బంగారుబురుజు. మా పెద్దమ్మాయి ఆ బొమ్మను చూచి, "చూడమ్మా! ఇదియు నది ప్రక్కనే, దీనినిగూడ పరాయివాండ్రు కొట్టిరి, భూకంపము వచ్చెను. అయినను ఇది నిలిచినదే!" యనెను. పిల్లలు పోల్చునట్టి పోలికలు పెద్దలకు తోచవు.

ఆ బురుజు కథ తెలిసికొనదగినది. 1220, 1221 సంవత్సరములలో, ఆ దేశమును మూరులను ముసల్మానులు ఏలుచున్న దినములలో, సెవిల్లా పాలకుడు దానిని కట్టించెను. పండ్రెండు ముఖములుగల కట్టడము. నేడు సుమారు 36 మీటర్ల యెత్తున్నది. నదిలో శత్రువుల యోడలు పైకి రాకుండ, ఆ బురుజునుండి ఆవలియొడ్డునకు లావాటి యినుపగొలుసు కట్టియుంచెడివారని చెప్పుదురు. మన యిండ్ల వీధితలుపునకు గొలుసు పెట్టినట్లు నదికే గొలుసు! 1248లో కాస్తీలురాజు నావికాబలము నదిపై పడవలతో కట్టిన వంతెనను ఛేదించి నగరమును గెలిచెను. బురుజుమాత్రము నిలిచినది. పిదప అది కొంతకాలము చెరసాలయైనది. సున్నమును గడ్డియు కలిపి పూసిన పూత యెండలో పచ్చగా మెఱయుటచేతనే దానికి బంగారుబురుజన్న పేరు వచ్చెనని యిటీవల మరమ్మతు చేసినవారు కనుగొనిరి.

అచ్చటి నదికిని మన బందరునకు పట్టిన గతియే పట్టినది. అమెరికాఖండముతోడి వర్తకమంతయు సెవిల్లారేవు మీదుగనే సాగవలెనని 1503లో ఆ రాజ్యమువారు శాసించిరి. నది యిసుకతో పూడగా పెద్దయోడలు రాలేక, 1717లో ఆ కార్యాలయము కాదిజు రేవునకు తరలిపోయెను. 1755లో లిస్బనునగరమును కూల్చిన మహాభూకంపము ఈ బురుజునుగూడ పగుల్చెను. బండ్లదారి వెడల్పు చేయుటకై దానిని పడగొట్టవలెనని యపుడొక యాలోచన పుట్టగా ఊరివారు అడ్డుపడిరి. 1760లో దానిని బాగుచేసి, పైన గుండ్రని చిన్నమేడ నొకదానిని నిర్మించిరి. 1868లో మరల పడగొట్టుదుమన్నారు. మరల ఊరివారే కాపాడిరి. తుదకు 1944లో అందు నౌకాప్రదర్శనశాలను తెఱచిరి. ఓడల నమూనాలు, పాతపటములు, దిక్కులను తెలిసికొను పనిముట్లు మొదలగునవి నేడందు చూపుచున్నారు.

సోదరీమణులారా! ఈ కథలో మా మనస్సునకు పట్టినది రాజులును కాదు, గొలుసును కాదు. ఆ బురుజును రెండుమాఱులు నిలిపినవారు ఊరివారు. యుద్ధమునకు కట్టినదానిని తమ యింటి వస్తువుగా వారు భావించిరి. మన మట్లు భావింపమా యని మేమొకింత తడవు ఆలోచించితిమి. భావింపకపోలేదు. బెజవాడలో విక్టోరియా జూబిలీ భవనమును 1887లో విదేశీరాణి పేర కట్టిరి. 1921లో అచ్చటనే పింగళి వెంకయ్యగారు మహాత్మునకు జెండాను సమర్పించిరి. వెంకయ్యగారి స్వగ్రామము భట్లపెనుమఱ్ఱు, మన కృష్ణాజిల్లాదే. ఆ భవనమే నేడు బాపూ ప్రదర్శనశాల. 2020లో దానిని నూతనముగ తీర్చి తెఱచిరి. ఒక రాణి ఉత్సవమునకు కట్టిన యిల్లు మన జెండా పుట్టినయిల్లయినది.

ఓడలకు సంబంధించిన ప్రదర్శనశాల మనకు విశాఖపట్టణమున గలదు. కురుసురా యను జలాంతర్గామిని 1969 డిసెంబరులో సేవలో ప్రవేశపెట్టిరి. 1971 యుద్ధమున పాల్గొన్నది. 2001లో విరమింపజేసి, రామకృష్ణాబీచి యిసుకమీదికి లాగి, 2002లో ప్రజలకు తెఱచిరి. దాని పొడవు 91 మీటర్లు. రెండేండ్లక్రిందట మేము పిల్లలతో దానిలో దూఱి చూచితిమి. దూఱితిమనుటయే సరి, ఏలన నొక గదినుండి మఱియొక గదికి పోవు గుండ్రని ద్వారములలో చీరె కుచ్చెళ్ళు పట్టుకొని వంగి నడువవలెను. డెబ్బదిమందికి పైగా నావికులు నెలల తరబడి అందులో నిదురించుచు, వండుకొనుచు నుండిరట. వంటగదిని చూచి మేము, "ఇందులో నిలిచి నలుగురికి గూడ వండలేము గదా!" యని నవ్వితిమి. మా పెద్దమ్మాయి నవ్వలేదు. ఆ చిన్న పడకలను, గొట్టములను, యంత్రపుచక్రములను తడవి తడవి చూచెను. ఇంటికి వచ్చి, "నేను పెద్దయి యోడమీద పనిచేసెద" నని చెప్పెను. పిల్లమాటలని మేము విని యూరకుంటిమి.

బందరుకోటయొద్ద ఆ మాట మరల వచ్చెను. మా తల్లి పిల్లవాని చేయి పట్టుకొని రేవువైపు చూచుచుండెను. మా పెద్దమ్మాయి, "అమ్మమ్మా! ఇచ్చట ప్రదర్శనశాల పెట్టి, నేను పనిచేసిన ఓడ బొమ్మను గూడ పెట్టుదురు, చూడు!" మనెను. మా తల్లి ముఖము వెలవెలబోయెను.

"ఆడపిల్లకు ఓడెందుకే? నేలమీద ఉద్యోగాలే లేవా?" యని కసరి, పిల్ల చేయి పట్టి లాగుకొనిపోయెను. తరువాత బస్సులో నొక్క మాటయు పలుకలేదు.

మేము దాని కారణమెఱుగుదుము. ఎఱుగుదుమనియే యనుకొంటిమి. మా తల్లిది దివిసీమ, నాగాయలంకకు దిగువ సముద్రమునకు చేరువనున్న యొక చిన్న యూరు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేది, శనివారము, ఉప్పెన వచ్చిననాటికి ఆమెకు తొమ్మిదేండ్లు. ఆ యుప్పెనలో సుమారు 10,000 మంది మడసిరి. వారిలో మా యమ్మమ్మయు, నాలుగేండ్ల మా పిన్నియు గలరు. ఇంతవఱకే మాకు తెలిసినది. ముప్పదియేండ్లకు పైగా ఒకే తల్లిబిడ్డలమై మెలగుచున్నను, అంతకుమించి మేమడుగలేదు, ఆమె చెప్పలేదు. మన యిండ్లలో దుఃఖమును మడతపెట్టి పెట్టె అడుగున దాచుట వాడుక. దానిని తెఱచిన బిడ్డ బాధపడునని తల్లియు, అడిగిన తల్లి బాధపడునని బిడ్డయు ఊరకుందురు.

ఆ రాత్రి బెజవాడలో డాబామీద పండుకొన్నపుడు మా పెద్దమ్మాయి తిన్నగా అమ్మమ్మ ప్రక్కకు చేరి, "అమ్మమ్మా! నీకు సముద్రమన్న భయమా?" యని యడిగెను. మేము వారింపబోవునంతలో మా తల్లి, "ఉండవే, చెప్పనీ," యని మమ్మే వారించి చెప్పనారంభించెను.

ఆ దినము ప్రొద్దుటినుండి గాలి. మధ్యాహ్నమునకు ఇంటికప్పు లేచిపోయినది. మా తాతగారు అందఱిని శివాలయమునకు తోడుకొనిపోయిరి. ఊరిలో ఱాతికట్టడము అదొక్కటియే. ఆయన గుడికప్పు పైకెక్కగా, మా యమ్మమ్మ క్రిందినుండి మా తల్లిని అందిచ్చెను. గాలి పిల్లను యెగురగొట్టునని భయపడి, తన చీరె చింపి పేలిక నొకదానిని పైకి విసరి, "దాని నడుముకు కట్టి శిఖరానికి ముడివెయ్యి" మని కేకవేసెను. పిదప మెట్టుమీద నున్న చిన్నపిల్లను ఎత్తుకొనుటకై వెనుదిరిగెను. అప్పుడే నీరు వచ్చినది. "నల్లగా, గోడలాగా వచ్చిందే! అలలాగా రాలేదు," అని మా తల్లి చెప్పెను. తెల్లవాఱినపిమ్మట తాతగారు ముడి విప్పబోగా చేతులు వణకి విప్పలేకపోయిరట. నేతచీరె పేలిక తడిసి బిగిసి ఱాయివలె నుండెనట. తుదకు కోయవలసివచ్చెనట.

ఇంతవఱకు చెప్పి మా తల్లి కొంతసేపు ఊరకుండెను. పిదప మనుమరాలితో, "నువ్వు ఓడ ఎక్కద్దని చెప్పే హక్కు నాకు లేదు. చెప్పినా నీ రోజులు వేరు. ఎక్కితే సముద్రం ఎట్లాంటిదో తెలిసి ఎక్కు. ముందు ఈత నేర్చుకో," అనెను. మా పెద్దమ్మాయి లేచి, పలక పుస్తకము తెచ్చుకొని, దీపమువెలుగున ఆ మాటలన్నియు వ్రాసికొన్నది. మేమింతకాలము అడుగని ప్రశ్నను ఆ పిల్ల అడిగినందులకు మాకు సిగ్గును, సంతోషమును గూడ కలిగినవి.

సోదరీమణులారా! సముద్రము మనకు క్రొత్త కాదు. మా చిన్నతనమున తాతగారు మాకు ఇంటనే కావ్యములు పాఠము చెప్పిరి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఓడవర్తకుడు. సింహళపు టేనుగులను, హురుమంజి గుఱ్ఱములను, చీనాపట్టులను తెప్పించిన వర్తకుల యింటివాడు. ఆ పద్యముల నర్థము చెప్పునపుడు తాతగారు ఓడలసంగతి చెప్పిరి గాని, మాకు అప్పుడది వట్టి వర్ణనయని తోచెను. నేడు చూడగా అది మన తీరపు లెక్కపుస్తకము. రెండవ శతాబ్దిలో యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యలుగల యోడను తన నాణెములపై ముద్రించెను. మొదటి శతాబ్దిలో గ్రీకునావికుడొకడు వ్రాసిన గ్రంథమున మసలియా యను మన తీరమున సన్ననివస్త్రములు విరివిగా నేయుదురని యున్నది.

అన్నిటికంటె గొప్పది మోటుపల్లి శాసనము. 1244లో కాకతీయ గణపతిదేవుడు ఓడవర్తకులకు అభయమిచ్చెను. అంతకుముందు, పెనుగాలికి కొట్టుకొనివచ్చి యొడ్డున పగిలిన యోడలలోని సరకునెల్ల రాజులు బలిమిని గైకొనెడివారు. ప్రాణములను పణముగా నొడ్డి సముద్రమున తిరుగువారిపై దయతలచి, నిర్ణయించిన సుంకముతప్ప మఱేమియు గైకొనరాదని యీ రాజు కట్టడి చేసెను. అతని కూతురు రుద్రమదేవి. ఆమె యేలుబడిని గూర్చియు, సాలెపురుగు దారమువలె సన్ననైన యిచ్చటి వస్త్రములను గూర్చియు మార్కోపోలో వ్రాసియున్నాడు. ఇట్టి తీరమున పుట్టిన పిల్ల యోడనెక్కెదనన్న వింత యేమి?

ఎక్కినవారును గలరు. 2017 సెప్టెంబరు 10వ తేదిని గోవానుండి తారిణి యను తెరచాపనావపై ఆర్గురు నౌకాదళపు టధికారిణులు భూమిని చుట్టివచ్చుటకు బయలుదేఱిరి. 254 దినములకు, 2018 మే 21వ తేదిని, తిరిగి గోవా చేరిరి. నాయిక వర్తికా జోషి. తక్కిన యైదుగురిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యయు మన తెలుగుపడుచులు. ఈ సంగతిని మా తల్లికి చదివి వినిపింపగా, "వాళ్ళ అమ్మలు ఎన్ని రాత్రులు నిద్దరపోలేదో!" యని మాత్రమనెను. అది కాదనరాని మాట.

ఇక కోటమాట. దివిసీమలో మా యింటివారి మొదటి యుద్యోగము. అచ్చటి పాఠశాలకు గదులు చాలక, రెండు తరగతులు తుపాను రక్షణగృహమున జరుగుచుండెడివి. 1977 తరువాత మన తీరమంతట అట్టి గృహములను కట్టిరి. ఎత్తైన స్తంభములపై నిలిపిన కాంక్రీటుమేడ, పైకెక్కుటకు వెడల్పైన మెట్లు, క్రిందుగా నీరు పోవుటకు ఖాళీస్థలము. మా తల్లి కథ విన్న మఱునాడు మా యింటివారు, "మన తీరపు బురుజులు అవియే," యనిరి. కోట మనుష్యునినుండి మనుష్యుని కాపాడుటకు కట్టబడినది. ఇది సముద్రమునుండి కాపాడుటకు కట్టబడినది. గాలిలేని దినములలో ఇందు పిల్లలు ఎక్కములు చదువుకొందురు. గుడికప్పు తప్ప వేఱు దిక్కులేని మా తాతగారికి అట్టిది ఒక్కటి యుండినయెడల మా పిన్నికి నేడు ఏబదిరెండేండ్లు పైబడి యుండెడివి.

బందరునకు క్రొత్తరేవు వచ్చుచున్నది. 2023లో దాని శంకుస్థాపన జరిగినది. క్రొత్తరేవు వచ్చువేళ పాతరేవు జ్ఞాపకములకుగూడ ఒక గది కట్టినయెడల బాగుండునని మా కోరిక. అందు డచ్చివారి ఫిరంగిగుండ్లు మాత్రమే చాలవు. పెడన కలంకారీవారి చెక్కయచ్చులుండవలెను. కరక్కాయనీటను, పాలలోను నానవేసిన గుడ్డయు, ఇనుపముక్కలు బెల్లపునీట పులియబెట్టి తీసిన నల్లరంగును, ఒకప్పుడు ఈ సంగమపునేలలలో పెరిగిన చిరివేరు ఎఱ్ఱరంగును అందు చూపవలెను. బందరునుండి యోడలలో దేశదేశములకు పోయినది ఆ రంగులే గదా! నరసాపురమున యోడలను కట్టిన వడ్రంగుల యులులుండవలెను. ఉప్పెనలో మిగిలిన యొక చీరెపేలికయు నుండవలెను.

ఆ గది యెప్పుడు వచ్చునో యని వేచియుండక, మనము చేయదగిన పనులు కొన్ని గలవు.

మొదటిది, 1977 ఉప్పెనను చూచిన పెద్దలు మీ యింటనున్నయెడల వారిచేత చెప్పించి వ్రాసికొనుడు. నాడు పదేండ్ల పిల్లలకు నేడు అఱువది సమీపించుచున్నది. వారిని బలవంతపెట్టవలదు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టిన చాలు, వారే యడుగుదురు. తేదిని, ఊరిపేరును, చెప్పినవారి వయస్సును తప్పక వ్రాయుడు.

రెండవది, పాతపెట్టెలలో బందరు అద్దకపుదుప్పట్లు, కొల్లాయిలు, పడవల చీటీలు, రేవుసంబంధమైన కాగితములు దొరికినచో పాతగుడ్డలవానికి వేయక, మెత్తనిగుడ్డలో చుట్టి, వేపాకువేసి దాచుడు. మడతలు అప్పుడప్పుడు మార్చుడు, లేనియెడల మడతవెంట చిరుగును.

మూడవది, బందరు పోయినపుడు లడ్డులు మాత్రమే కట్టించుకొని రావలదు. కోటను, డచ్చివారి సమాధులను పిల్లలకు చూపుడు. వాని గోడలపై పేర్లు గీయనీయకుడు. పులిగడ్డయొద్ద ఉప్పెన స్మారకచిహ్నము గలదు. దానిముందు నిమేషమాత్రము నిలువుడు.

మా పెద్దమ్మాయి యోడనెక్కునో, పంతులమ్మ యగునో, ఇప్పుడు మేము చెప్పలేము. అది నిర్ణయింపవలసినది మేము కాదని మాత్రము మేము తెలిసికొంటిమి. ఈ నెల మొదటినుండి ఆ పిల్ల ఉదయమున ఈత నేర్చుకొనుచున్నది. మేము వంటపనిలో నుందుము గావున తోడుగా మా తల్లి పోవుచున్నది. గట్టుమీద కుర్చీ వేసికొని, తువ్వాలు ఒడిలో పెట్టుకొని, పిల్ల తల నీటిపైకి వచ్చినపుడెల్ల వ్రేళ్ళు మడచి లెక్కపెట్టునట. నిన్నటికి ఒక్క యూపున ఇరువదిమూడు చేతులు వేసినదని ఇంటికి వచ్చి మాకు చెప్పెను.